మందసము మొదలు బీరువా వఱకు

గ్రంథాలయ చరిత్రము వ్రాయువారు సాధారణముగ స్థాపకుల పేర్లు, దాతల పేర్లు, గ్రంథముల సంఖ్య, చందాదారుల సంఖ్య చెప్పి ముగింతురు. ఆ గ్రంథములు ఇన్నేండ్లు దేనిలో నిలిచి బ్రతికినవో చెప్పువారు అరుదు. చెదలకు, చెమ్మకు, ఎలుకలకు చిక్కక ఒక గ్రంథము నూఱేండ్లు నిలిచినదన్న, దానిని రచించిన కవితోపాటు దానిని దాచిన పెట్టెను చేసిన వడ్రంగికిని ఆ పుణ్యములో పాలు గలదు. కవి పేరు పుస్తకము మొదట నుండును. అచ్చువేసినవాని పేరు అడుగున నుండును. కొన్నవాని పేరు లోపలి పుటలో నుండును. వడ్రంగి పేరు మాత్ర మెచ్చటను కానరాదు. ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథములకు ఇల్లు కట్టినవారి చరిత్రమును కొంత తలచుకొనుట యుక్తము.

పురాణగాథలలోని పెట్టెలు

మన వాఙ్మయమున పెట్టె లేని పెద్దకథ లేదన్నను అతిశయోక్తి కాదు. భారతమున అరణ్యపర్వమందు కుంతీదేవి కన్నబిడ్డను మందసములో నుంచి నీటిలో విడిచెను. ఆ పెట్టెకు సందులనుండి నీరు చొరకుండ మైనము పట్టించిరని కథ చెప్పుచున్నది. అది అశ్వనదినుండి చర్మణ్వతికి, అచ్చటినుండి యమునకు, యమునలోనుండి గంగకు చేరి, చంపానగర ప్రాంతమున అధిరథుని కంటబడెను. నాలుగు నదులు దాటినను లోనికి చుక్క నీరు దిగలేదు. కర్ణుని శౌర్యమును, దానమును పొగడినవారు లెక్కకు మిక్కిలి. ఆ శిశువును బ్రతికించిన పెట్టె అతుకులను పొగడినవా రెవ్వరు?

కథాసరిత్సాగరమున మఱియొక పెట్టె గలదు. వరరుచి తపస్సునకు పోయిన సమయమున అతని భార్య ఉపకోశను ముగ్గురు అధికారులు వేధించిరి. భర్త దాచిన ధనమును అడుగబోయిన వర్తకుడును అదే దారి పట్టెను. ఆ సాధ్వి బయట గడియగల పెద్ద మంజూష నొకదానిని చేయించి, అధికారులను ఒకరి తరువాత నొకరిని మసిపూసి అందులో దింపి గడియ వేసెను. తరువాత వర్తకునిచేత ఆ పెట్టె ఎదుటనే బాకీ ఒప్పించెను. మఱునాడు నందుని కొలువులో పెట్టెయే సాక్ష్యము పలికెను. ఈ కథకు మూలమైన బృహత్కథను గుణాఢ్యుడు సాతవాహనుల కొలువున పైశాచీభాషలో రచించెనని ప్రతీతి. కావున ఆంధ్రులకు ఆ పెట్టెపై కొంత హక్కు గలదు. అవసరమును ముందుగ నెఱిగి, అందుకు తగిన కొలతలతో, తగినచోట గడియపెట్టి చేయించిన పెట్టె అది. అంగడిలో దొరకిన దానితో ఉపకోశ పని గడచెడిది కాదు.

పేర్లు చెప్పు చరిత్ర

వస్తువు ఎచ్చటినుండి వచ్చినదో దాని పేరే చెప్పును. పేటిక, మంజూష సంస్కృతపదములు. పెట్టె, భోషాణము మన యిండ్లలో నాటుకొనిపోయిన మాటలు. అలమార పోర్చుగీసువారితో వచ్చినది. మేజాయు వారి వెంటనే దిగినది. బీరువా అనునది బ్యూరో అను ఐరోపా పదమునకు మన నోటబడిన రూపము. సొరుగు మాత్రము తెలుగుది: సొరుగుట యనగా లోనికి దూర్చుట, దూర్చుటకు వీలైన అర సొరుగు. ఇట్లు ఒక బీరువాను వర్ణింపబూనినచో దాని పేరు పరదేశమునుండి, దాని సొరుగు మన నుడినుండి, దాని కలప మన కొండలనుండి వచ్చినట్లు తేలును.

భోషాణమునకును బీరువాకును భేదము పేరులో మాత్రమే లేదు. తాటియాకుల పుస్తకము పండుకొని యుండును. అచ్చు పుస్తకము నిలుచుండును. తాళపత్రముల కట్టకు వీపు లేదు, వీపుపై పేరు లేదు. దానిని గుడ్డలో చుట్టి ఒకదానిపై నొకటి పేర్చుటకు పై మూతగల పెట్టె చాలును. అచ్చుపుస్తకమును నిలిపి, వీపును బయటికి త్రిప్పినగాని పేరు కనబడదు. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులవారు చెన్నపట్టణమున ముద్రాక్షరశాల నెలకొల్పిరి. అట్టి ముద్రణాలయముల పుణ్యమున ఆ శతాబ్దిలో పల్లెలకును అచ్చుపుస్తకములు చేరసాగెను. పుస్తకములు పెరిగినకొలది పైనుండి తెఱచు పెట్టె వెనుకకు తగ్గి, ఎదుటనుండి తెఱచు బీరువా ముందునకు వచ్చెను. అడుగునున్న పుస్తకము కావలసినచో పైనున్నవన్నియు దింపవలసిన పనిలేని ఏర్పాటిది. చదువరికి ఇంతకంటె మేలుచేసిన వడ్రపుపని మఱియొకటి లేదు.

తాటియాకుల కాలము

అచ్చునకు పూర్వము పుస్తకరక్షణము ఇంటింటి విద్యయై యుండెను. తాళపత్రములకు రెండు ప్రక్కల రెండు కఱ్ఱపలకలు బిగించి, నడుమ బెజ్జముగుండ త్రాడు పోనిచ్చి కట్టెడివారు. ఆకులకు నూనె పట్టించెడివారు. కట్టను గుడ్డలో చుట్టి వేపాకో, వసకొమ్మో ఉంచెడివారు. గ్రామకరణముల యిండ్లలో కవిలె కట్టలు ఇట్లే తరతరములు నిలిచినవి. అందు భూముల లెక్కలే గాక గ్రామము ఎప్పుడు కట్టబడెను, గుడి ఎవరు నిలిపిరి, చెఱువు ఎవరు త్రవ్వించిరి అను వృత్తాంతములును చేరెను.

కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) ఆ వృత్తాంతములను సేకరింపబూనినపుడు ఏలూరి కావలి సోదరులు బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మున్నగువారు ఆయనకు కన్నులును చెవులును అయిరి. నేడు మనము కైఫీయతులని చెప్పుకొను గ్రామచరిత్రలు అట్లు పోగైనవే. కరణముగారి భోషాణములో చెద పట్టియుండినచో ఆ గ్రామమునకు చరిత్ర లేదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) కాలమునకును ఇదే స్థితి. ఆయన కాసులు వెచ్చించి వ్రాతప్రతులు తెప్పించి, పండితులచేత పాఠములు సరిచూపించెను. ఒక గ్రంథమునకు పది ప్రతులు దొరకిన అదృష్టము, మఱియొక గ్రంథమునకు సగమాకులే దొరకిన దురదృష్టము: ఈ రెండింటికిని కవి ప్రతిభతో సంబంధము లేదు. ఏ యింట ఎట్టి పెట్టె యుండెనో అదియే కారణము.

చెదకు చిక్కని పెట్టెయు నొకటి మనకు గలదు. తాళ్లపాక అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములో రాతిగదియందు భద్రపఱచిరి. రాగిని చెద తినదు, రాతిని ఎలుక కొఱకదు. కాని శతాబ్దులపాటు ఆ రేకులను చదువువారు లేకపోయిరి. ఇరువదవ శతాబ్ది మొదటి భాగమున అవి వెలికి వచ్చి అచ్చుపడుట మొదలిడినపిదపనే వేలకొలది సంకీర్తనలు లోకమునకు తెలిసెను. రక్షణ సంపూర్ణమైనను పఠనము లేనిచో గ్రంథము నిద్రించుచుండును. ఈ సంగతిని చదువరులు మనస్సున నుంచుకొందురు గాక. దీనితో మరల పని పడును.

విశాఖపట్టణపు పనితనము

నర్సీపట్నము 2022 వఱకు విశాఖపట్టణపు జిల్లాలోనిది. ఆ యేట అనకాపల్లి జిల్లా ఏర్పడగా అందు చేరినది. ఆ పాతజిల్లా ముఖ్యపట్టణమునకు పదునెనిమిదవ శతాబ్దిలో సముద్రములకావల గొప్ప ఖ్యాతి యుండెను. ఆ ఖ్యాతికి కారణములలో కఱ్ఱబీరువాలొకటి.

ఇంగ్లీషు కంపెనీవారు పదునేడవ శతాబ్ది చివరి భాగమున విశాఖపట్టణమున వర్తకస్థానము పెట్టిరి. డచ్చివారు భీమునిపట్టణమున నుండిరి. ఈ దొరలకు తమ దేశపు తీరున బల్లలు, కుర్చీలు, సొరుగుల పెట్టెలు కావలసెను. వారు తమ దేశపు వస్తువునో, చిత్రపటమునో చూపగా విశాఖపట్టణపు కమ్మరి వడ్రంగి కంసాలి వృత్తులవారు దానిని చూచి పని సాగించిరి. ఆకారము ఇంగ్లీషుది, అలంకారము ఆంధ్రమైనది. ఇరుగుడు, నల్లచేవ, టేకు కలపలలో సన్నని గాళ్లు తొలిచి, దంతపు ముక్కలను తీగలుగా, పూలుగా కోసి అందు పొదిగెడివారు. ఆ పూలతీగెలు మన తీరపు అద్దకపు బట్టల అంచులలోనివే. దంతముపై సూదిమొనతో గీతలు గీచి, ఆ గీతలలో నల్లలక్క నింపి చిత్రములు తేల్చెడివారు. దంతము పెగూ దేశమునుండి ఓడలలో వచ్చెడిది. 1756లో ఈ తీరమును చూచిన మేజర్ జాన్ కార్నెయిల్ అను సైన్యాధికారి విశాఖపట్టణపు పొదుగుడుపనిని ప్రత్యేకముగ మెచ్చి వ్రాసెను.

కాలక్రమమున పొదుగుట పోయి, చందనపు చెక్కపై పలుచని దంతపు రేకులను నిండుగ తాపి చెక్కడము చేయు పద్ధతి వచ్చెను. చెన్నపట్టణమునకు 1773 నుండి 1775 వఱకు గవర్నరుగ నుండిన అలెగ్జాండరు వించి యను నాతనికి అట్టి దంతపు సామాను ఉండెను. 1781లో అది వేలమునకు రాగా మూడవ జార్జి రాజు తన రాణి షార్లెట్టుకొఱకు కొనెను. ఇంగ్లండు రాణి అంతఃపురమున విశాఖపట్టణపు పనివాని చేతి సొంపు నిలిచెను. నేడును ఐరోపాలోని వస్తుప్రదర్శనశాలలలో అట్టి బీరువాలు అద్దముల వెనుక నున్నవి. కొన్నవాని పేరు, అమ్మినవాని పేరు, వేలపు తేదీ, పాడిన ధర అన్నియు వ్రాతలో నున్నవి. పదునెనిమిదవ శతాబ్దిలో ఆ పని చేసినవారిలో ఒక్కని పేరైనను ఆ బీరువాలపై సామాన్యముగ కానరాదు. దంతపు వ్యాపారము నేడు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి తరువాత వచ్చిన సవరణలును దానిని నిషేధించినవి. ఏనుగుకొఱకు అది మంచిదే. కాని చేతిలోని కొలత, కంటిలోని నిదానము దంతముతో పోవలసినవి కావు.

పేరు నిలిచిన వడ్రంగి

ఇందుకు భిన్నమైన కథ ఒకటి ఇంగ్లండులోనే గలదు. నౌకాశాఖలో ఉద్యోగియైన సామ్యుయెల్ పీప్సు అను నతడు దినచర్య వ్రాయు అలవాటు గలవాడు. 1666 జూలైలో అతని పుస్తకములు ఒకదానిపై నొకటి కుర్చీలమీదికి ప్రాకగా, ఓడల రేవులో పనిచేయు సింప్సను అను వడ్రంగిని పిలిపించి, ఇద్దఱును కూర్చుండి పుస్తకముల బీరువాలకు రూపకల్పన చేసిరి. ఆ వేసవిలోనే ఓకుకఱ్ఱతో, గాజు తలుపులతో బీరువాలు సిద్ధమయ్యెను. సెప్టెంబరులో లండను నగరమంతయు తగులబడినను అవి దక్కెను. పీప్సు 1703లో మరణించెను; 1724లో అతని మూడువేల గ్రంథములును, బీరువాలు పండ్రెండును కేంబ్రిడ్జిలోని మాగ్డలీను కళాశాలకు చేరి నేటికిని నిలిచియున్నవి.

సింప్సను మన విశాఖపట్టణపు పనివారికంటె గొప్పవాడనుటకు హేతువు లేదు. అతని పేరు నిలుచుటకు కారణ మొక్కటే: పని చేయించుకొన్నవాడు ఆ సాయంకాలము కలము పట్టి, వచ్చినవాని పేరు వ్రాసెను. రెండు నిముషముల పనికి మూడున్నర శతాబ్దుల కీర్తి.

మన్యపు కలప

బీరువా మాట యెత్తినపుడు కలప మాట ఎత్తకుండ తీరదు. నర్సీపట్నము మన్యమునకు వాకిలి. ఉత్తరమున కొండలెక్కినచో లంబసింగి, చింతపల్లి, గూడెము. ఆ అడవులలోని టేకు, వేగిస, ఇరుగుడు, మద్ది కలపలు మైదానపు గ్రామములకు దూలములైనవి, తలుపులైనవి, నాగళ్లైనవి.

వరాహమిహిరుడు ఆఱవ శతాబ్దిలో రచించిన బృహత్సంహితలో మంచములకు, ఆసనములకు తగిన చెట్లను పేర్కొనెను. శాకము, అసనము, తిందుకము, శింశుప, చందనము, సాలము మొదలగునవి ఆ పట్టికలో నున్నవి. శాకము టేకు, తిందుకము తుమికి, అసనము వేగిస యనియు, శింశుప ఇరుగుడు జాతి యనియు పెద్దలు చెప్పుదురు. ఆ పట్టిక చదివినచో మన మన్యపుదారిలో నడచినట్లుండును. పిడుగుపడిన చెట్టు, గాలికి, వఱదకు, ఏనుగుకు కూలిన చెట్టు, నిలువున ఎండిన చెట్టు, తీగలు పెనవేసిన చెట్టు, పక్షులు గూళ్లు కట్టిన చెట్టు పనికిరావని ఆయన నిషేధించెను. శకునమని కొట్టివేయరాదు. పిడుగుపడిన మ్రానులో కంటికి కనబడని పగుళ్లుండును. నిలువున ఎండినదానిలో పురుగు చేరియుండును. గూడుగల చెట్టును విడుచుట పక్షిపై దయ. వడ్రంగికి లాభించు నియమమును, ప్రాణికి లాభించు నియమమును ఒకే శ్లోకమున ఇముడుట మన పెద్దల తీరు.

1882లో చెన్నపట్టణపు ప్రభుత్వము అటవీచట్టము చేసెను. అడవి రిజర్వు అయ్యెను. పోడు వ్యవసాయమునకు, పశువుల మేతకు, వంటచెఱకునకు కట్టుబాట్లు వచ్చెను. తాతలనాటి చెట్టు కొట్టుకొన్న కొండవాడు దొంగ యయ్యెను. అదే చెట్టు సర్కారు గుర్తుతో బండియెక్కినచో సరకయ్యెను. దానిపై నర్సీపట్నము నుండి కొండమీదికి రోడ్డు వేయించునపుడు కూలి సరిగ నీయక చేయించిన వెట్టి మఱియొక పుండు. ఈ కష్టములనుండియే అల్లూరి సీతారామరాజు ఉద్యమము పుట్టెను. 1922 ఆగష్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుఠాణాలు వారి వశమయ్యెను. అణచివేతకు వచ్చిన బలగములకు నర్సీపట్నము మకాము. 1924 మే 7న ఆ వీరుడు నేలకొరగెను. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి గలదు. కొండకలపతో చేసిన ప్రతి వస్తువునందును ఈ చరిత్ర కొంత యిమిడియున్నది. అనుమతిపత్రము లేని అడవికలప చౌకగ దొరకినను, గ్రంథాలయమువారు దానిని ముట్టరాదు. జ్ఞానమును దాచు పెట్టెకు మూలము దొంగసొత్తు కారాదు. పాత యిండ్లు విప్పునపుడు దొరకు దూలములు, వాసములు ఇందుకు శ్రేష్ఠము. అవి అఱువదేండ్లు ఎండినవి. ఇక వంకరపోవు భయము లేదు.

గ్రంథాలయపు బీరువా కట్టు తీరు

పల్లె గ్రంథాలయమునకు బీరువా చేయింపబూనినవారు ముందు కొలువవలసినది గోడను గాదు, పుస్తకమును. తెలుగు గ్రంథములలో పెక్కు క్రౌను, డెమ్మీ పరిమాణములవి. పెద్దదియు ఎత్తున తొమ్మిది అంగుళములకు లోపే యుండును. కావున అరకు అరకు నడుమ పండ్రెండంగుళముల ఎడము, పది అంగుళముల లోతు చాలును. లోతెక్కువైనచో ముందువరుస వెనుక మఱియొక వరుస చేరును; వెనుకవరుసలోని పుస్తకము లేనిదానితో సమానము.

నేలనుండి ఆఱంగుళముల పీఠము, ఐదు అరలకు ఐదడుగులు, అడ్డపలకలు ఆఱింటి దళసరి ఆఱంగుళములు: వెరసి ఎత్తు ఆఱడుగులు. పొట్టివాడును చేయెత్తి అందుకొనగలడు. వెడల్పు మూడడుగులకు మించరాదు. అడుగు పొడవున నిలిపిన పుస్తకములు సుమారు పది కిలోలు తూగును. ఐదు అరలకు పదునైదడుగులు, నూటయేబది కిలోల బరువు. మూడడుగుల అరను నాలుగడుగులు చేసినచో బరువునకు వంగుట మూడురెట్లకు మించును. అంగుళపు చెక్కకు బదులు ముప్పాతిక అంగుళపు చెక్క వేసినచో వంగుట రెట్టింపునకు మించును. కాసులకు కక్కుర్తిపడి చెక్క పలుచన చేసినవారు పదియేండ్లకు ఉయ్యాలవంటి అరను చూతురు. ఇట్టి బీరువాకు కలప సుమారు నాలుగు ఘనపుటడుగులు. తరుగుతో కలిపి ఐదు లెక్కింపవలెను.

కొత్తకలపయైనచో అంగుళపు దళసరికి ఒక సంవత్సరము చొప్పున నీడను ఆరబెట్టుట పాతలెక్క. చేవగల భాగమునే తీసికొనవలెను. చేవలేని తెల్లని పైచెక్కను చెద వాసనపట్టి వెదకుకొని వచ్చును. కఱ్ఱ పొడవున పెరగదు, తఱగదు. అడ్డముగ మాత్రము వర్షాకాలమున ఉబ్బి వేసవిలో కుంచించును. కావున తలుపురెక్క నొకే వెడల్పు పలకతో చేయరాదు. నాలుగుప్రక్కల చట్రము కట్టి, చట్రమునకు లోపల గాడి తీసి, పలకను ఆ గాడిలో మేకు కొట్టక, అతికింపక, వదులుగ నిలుపవలెను. ఉబ్బినను పగులదు, తఱగినను వీడదు. మూలలయందు ఒక చెక్క కొనను ముక్కుగ చెక్కి, రెండవ చెక్కలో సరిపడ బెజ్జము తొలిచి దింపి, అడ్డముగ కఱ్ఱమేకు బిగించినచో ఇనుపమేకు పని లేదు. ఇనుపమేకు త్రుప్పుపట్టి చుట్టునున్న కఱ్ఱను తినును.

వెనుకచెక్కకును గోడకును బెత్తెడు ఎడముండవలెను; గోడచెమ్మ పుస్తకమునకు చేరదు. ప్రక్కపలకలలో పైనను క్రిందను సన్నని బెజ్జములు చేసి వల తాపవలెను. గాలియాడని బీరువాలో బూజు పుట్టును. ఇనుపబీరువాలు 1920ల నుండియే మన దేశమున తయారగుచున్నవి. చెదకు అవి మేలే గాని, తేమగాలిలో లోపల చెమర్చుట వాని గుణము. ఇక మెఱుగునకు లక్క. మన జిల్లాలోని ఏటికొప్పాక బొమ్మలవారు అంకుడుకఱ్ఱను త్రిప్పుచు పట్టించునది ఈ లక్కయే. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. చపడాలక్కను స్పిరిటులో కరగించి మెత్తనిగుడ్డతో పలుమాఱు రుద్దినచో కఱ్ఱలోని జీవకళ పైకి తేలును. విశాఖపట్టణపు దంతపుగీతలలో నిండినదియు, వరాహానది ఒడ్డున బొమ్మలకు రంగైనదియు, బీరువాకు మెఱుగైనదియు ఒక్కటే. అడవిచెట్ల కొమ్మలపై పురుగు పెట్టిన లక్క.

తాళపుచెవి

ఇంత శ్రమపడి చేసిన బీరువాకు చివర తాళము పడును. గ్రంథాలయము బ్రతుకుట, చచ్చుట తేలునది ఇచ్చటనే. పూర్వము ఐరోపాలో గ్రంథములను ఇనుపగొలుసులతో బల్లలకు కట్టెడివారు; హియరుఫర్డు దేవాలయమున అట్టి గొలుసుల గ్రంథాలయము నేటికిని గలదు. గ్రంథములు ఉపయోగము కొఱకే యని ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1931లో తమ పంచసూత్రములలో మొదటిదానిగ చెప్పునపుడు ఈ గొలుసులనే గుర్తుచేసిరి.

మన గ్రంథాలయోద్యమము పెట్టెను నడిపించుటతోనే ప్రారంభమయ్యెను. బరోడా సంస్థానమున 1910 తరువాత కఱ్ఱపెట్టెలలో పుస్తకములు నింపి గ్రామగ్రామమునకు పంపిరి. ఆంధ్రదేశమున 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారి కృషిచే సంఘ మేర్పడెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణ కాలువలో పడవపై పుస్తకములు పెట్టి ఒడ్డునగల గ్రామములవారికి అందించిరి. తలుపు తెఱచుకొని చదువరియొద్దకు నడచిపోయిన బీరువా యది.

దీనికి ప్రతికూలమైన దృశ్యమును మన గ్రామములు ఎఱుగకపోలేదు. నిగనిగలాడు బీరువా, నిండ పుస్తకములు, గట్టి తాళము. తాళపుచెవి ఒకరి మొలలో. ఆయన పొరుగూరు పోయినచో సరస్వతికి సెలవు. ఏ వాడవాడు అడిగెనో చూచి బీరువా తెఱచిన రోజులును ఈ దేశమున గడచినవి. తిరుమల రాతిగదిలోని రాగిరేకుల సంగతి ఇచ్చట మరల తలపునకు తెచ్చుకొనవలెను. చెద తిన్న పుస్తకమునకును, తాళము వీడని పుస్తకమునకును చదువరి దృష్టిలో భేదము లేదు. చెద మెల్లగ తినును. తాళము మొదటినాడే తినును.

వడ్రంగి చేసినది రెండురెక్కల తలుపు. మూయుటకెంత వీలో తెఱచుటకును అంత వీలు కల్పించి ఆతడు తన ధర్మము నెఱవేర్చెను. మిగిలినది గ్రామస్థుల ధర్మము. నియమితవేళలలో బీరువా తలుపులు తెఱచియే యుండవలెను. తాళపుచెవులు రెండుండవలెను, ఇద్దఱియొద్ద నుండవలెను. ఏటేట ఆషాఢమునకు ముందు పుస్తకములన్నియు దింపి, అరలు తుడిచి, నీడను ఆరబెట్టి, లెక్క సరిచూచి మరల నిలుపవలెను. ఈ పనికి బడిపిల్లలను పిలిచినచో పుస్తకములతో వారికి చుట్టఱికము కలియును.

మఱియొక చిన్నపని గలదు. రజతోత్సవములందు దాతల పేర్లు చలువరాతిపై చెక్కించుట ఆచారము, అది తగినదే. కర్ణుని మందసము చేసినవాని పేరు భారతము చెప్పలేదు. ఉపకోశ మంజూషను చేసినవాని పేరు సోమదేవుడు చెప్పలేదు. రాణి యింటికి చేరిన దంతపు సామాను చేసినవాని పేరు వేలము వేసినవారు చెప్పలేదు. ప్రతి గ్రామగ్రంథాలయమువారును తమ బీరువా తలుపునకు లోపలిప్రక్క, పుస్తకము తీయువారికి కనబడునట్లు, దానిని చేసిన వడ్రంగి పేరు, ఊరు, చేసిన సంవత్సరము, కలప వచ్చిన తావు నాలుగు పంక్తులలో వ్రాయించవలెను. చేసినవారు జీవించియుండగనే అడిగి వ్రాసికొనుట మేలు. ఆ నాలుగు పంక్తులకు అయ్యెడి ఖర్చు గరిటెడు రంగు, ఒక గంట కాలము.